అద్దె ఇల్లు: యజమానుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఇల్లు అద్దెకు ఇచ్చినవారివే. నౌకాదళం, ఉక్కు కర్మాగారం, పోర్టు, బ్యాంకులు, విశ్వవిద్యాలయాలు ఉన్న విశాఖలో వేసవి బదిలీలు, కాలేజీ చేరికలు ముగిసేసరికి పాతవారు ఖాళీ చేయడం, కొత్తవారు దిగడం, ఆ మధ్యలో అడ్వాన్సు దగ్గర మాట పట్టింపులు రావడం ఏటా ఉన్నదే. అద్దెకున్నవారి ప్రశ్నలను మరో సంచికలో తీసుకుంటాము. ఈసారి యజమానుల ఉత్తరాలకే చోటు ఇస్తున్నాము.

ప్రశ్న: ఎం.వి.పి. కాలనీలో మాకు రెండంతస్తుల ఇల్లు ఉంది. కింద మేముంటున్నాము, మేడ మీద పోర్షన్‌ను నెలకు 14,000 రూపాయలకు ఇచ్చాము. నాలుగు నెలలుగా అద్దె రావడం లేదు. అడిగినప్పుడల్లా ‘వచ్చే నెల మొత్తం ఒకేసారి ఇచ్చేస్తానండీ’ అంటున్నారు. అడ్వాన్సు రెండు నెలలదే తీసుకున్నాము. మోటారు స్విచ్ మా వాటాలోనే ఉంది కాబట్టి నీళ్లు ఆపేస్తే తనంతట తానే వెళ్లిపోతాడని మా బావమరిది అంటున్నారు. పోలీసులకు చెబితే పని అవుతుందా?

జవాబు: మీ బావమరిదిగారి సలహాను దయచేసి పాటించకండి. నీళ్లు ఆపడం, ఫ్యూజు తీసేయడం, వారు ఊరు వెళ్లినప్పుడు తాళం మార్చడం, సామాను మెట్ల మీద పెట్టించడం వంటి పనులలో ఏది చేసినా అప్పటివరకు మీ వైపు ఉన్న న్యాయం ఒక్కరోజులో అవతలివైపుకు వెళ్లిపోతుంది. అద్దె చట్టాలు పాతవైనా కొత్తవైనా నీరు, విద్యుత్తు వంటి అవసరాలను యజమాని నిలిపివేయడాన్ని అనుమతించవు. అంతేకాక, చట్టబద్ధంగా కాకుండా ఇంట్లోంచి వెళ్లగొట్టబడిన వ్యక్తి ఆరు నెలల లోపు 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద దావా వేసి స్వాధీనాన్ని తిరిగి పొందవచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు, స్వాధీనంలో ఉన్న మనిషిని న్యాయస్థానం ద్వారా కాకుండా తొలగించారా లేదా అన్నదే చూస్తారు. అంటే బకాయి పడినవారే వాదిగా, మీరే ప్రతివాదిగా నిలబడవలసి వస్తుంది.

పోలీసుల సంగతికి వస్తే, అద్దె బకాయి సివిల్ తగాదా. దాన్ని వసూలు చేసి పెట్టే అధికారం స్టేషనుకు లేదు. మీపై దౌర్జన్యం జరిగినా, బెదిరింపులు వచ్చినా అది వేరే విషయం, అప్పుడు తప్పక వెళ్లండి.

ఇప్పుడు చేయవలసినది మొదట లెక్క తేల్చడం. ఏ నెల నుంచి అద్దె రాలేదు, చివరిసారి ఎంత, ఏ తేదీన, ఏ రూపంలో వచ్చింది, కరెంటు బిల్లు, మెయింటెనెన్స్ బాకీలు ఏమైనా ఉన్నాయా అన్నది ఒక కాగితం మీద రాసి, బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూసుకోండి. తరువాత ఆ మొత్తాన్ని ఫలానా తేదీలోగా చెల్లించవలసిందిగా కోరుతూ స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పంపండి. అదే విషయాన్ని వాట్సాప్‌లో కూడా మర్యాదగా రాయండి, ఎందుకంటే ‘అవునండీ, నాలుగు నెలలు ఇవ్వాలి, వచ్చే నెల ఇస్తాను’ అని వారు తిరిగి రాస్తే బకాయిని ఒప్పుకున్నట్లు మీ చేతిలో ఒక ఆధారం ఉంటుంది. ఫోనులో మాట్లాడిన మాటలు ఎంత మంచివైనా రేపు అక్కరకు రావు.

దానికీ కదలిక లేకపోతే న్యాయవాది ద్వారా ఒప్పందాన్ని రద్దు చేస్తూ నోటీసు ఇప్పించాలి. నెలనెలా సాగే నివాసపు అద్దెకు, ఒప్పందంలో గాని అద్దె చట్టంలో గాని వేరే ఏర్పాటు లేని చోట, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల రాతపూర్వక నోటీసు సరిపోతుంది. నోటీసు ఇచ్చాక ఒక జాగ్రత్త అవసరం. ఆ తరువాత వచ్చిన డబ్బును మామూలు అద్దెగా రసీదు రాసి తీసుకుంటే నోటీసును మీరే వదులుకున్నారన్న వాదనకు అవకాశం ఇచ్చినట్లవుతుంది. అందువల్ల ‘నోటీసులోని హక్కులకు భంగం లేకుండా, వాడకం పరిహారం కింద’ అని రసీదులో స్పష్టంగా రాయాలి.

కోర్టు మెట్లు ఎక్కేముందు మరో దారి ఉంది, దాన్ని మన ఊళ్లో చాలామంది వాడుకోవడం లేదు. జిల్లా కోర్టుల సముదాయంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేస్తే, కేసు దాఖలు కాకముందే ఇరుపక్షాలనూ పిలిపించి లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నిస్తారు. అక్కడ కుదిరిన రాజీని రాసిచ్చే పత్రానికి (దాన్ని అవార్డు అంటారు) సివిల్ కోర్టు తీర్పుతో సమానమైన బలం ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. బకాయిలో కొంత వదులుకుని ఖాళీ చేసే తేదీని అక్కడ రాయించుకోగలిగితే, ఏళ్ల తరబడి దావా నడపడం కంటే అదే లాభమని మా అభిప్రాయం. బకాయి అద్దె కోసం దావా వేయడానికి మూడేళ్ల కాలపరిమితి ఉంటుందన్నది మాత్రం గుర్తుంచుకోండి.

ఇంకొక్క మాట. రెండు నెలల అడ్వాన్సు తీసుకున్నవారు నాలుగో నెలదాకా ఆగడం వల్ల ఆ అడ్వాన్సు ఎప్పుడో కరిగిపోయింది. ఇకముందు అద్దె రాని మొదటి నెలలోనే, మొహమాటం లేకుండా, రాతలో అడగండి.

ప్రశ్న: మధురవాడలో కొన్న ఫ్లాటును తొలిసారి అద్దెకు ఇస్తున్నాము. 11 నెలలకు నోటరీ చేయించిన అగ్రిమెంటు ఉంటే చాలని, 11 నెలలు దాటితే అద్దెకున్నవారికి హక్కు వచ్చేస్తుందని, 12 ఏళ్లు ఉంటే ఇల్లే వారిదవుతుందని రకరకాలుగా చెబుతున్నారు. ఏది నిజం?

జవాబు: ఈ మూడింటిలో ఒక్కటి కూడా పూర్తిగా నిజం కాదు. 11 నెలల ఆనవాయితీ ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే మిగతావి వాటంతట అవే తేలిపోతాయి. ఏడాదికి మించిన గడువుకు గాని, ఏడాదికేడాది సాగేలా గాని చేసుకునే లీజును తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలని ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ చెబుతున్నాయి. ఆ ఖర్చు, ఆ తిరుగుడు తప్పించుకోవడానికి పన్నెండో నెలకు ముందే గడువు ఆగేలా రాసుకోవడం అలవాటైంది. నిజానికి 17వ సెక్షన్‌కు మన రాష్ట్రం 1999లో చేసిన సవరణ ప్రకారం గడువు ఎంతైనా లీజును రిజిస్టరు చేయించాలి, కాబట్టి 11 అన్న అంకెలో ఏ రక్షణా లేదు. గడువు ముగిశాక వారు ఉంటూనే ఉండి, మీరు అద్దె తీసుకుంటూనే ఉంటే, సాధారణంగా అది నెలవారీ అద్దెగా కొనసాగుతున్నట్లే లెక్క. గడువు ముగిసిందని వారిని మర్నాడే పంపించే హక్కు మీకు రాదు, ఇంటి మీద కొత్త హక్కేదీ వారికీ రాదు.

12 ఏళ్ల భయం ప్రతికూల స్వాధీనం అన్న సూత్రాన్ని సగం విని పడే భయం. యజమాని హక్కును కాదంటూ, బహిరంగంగా, ఎడతెగకుండా 12 ఏళ్లు స్వాధీనంలో ఉన్నవారికి సంబంధించిన సూత్రమది. మీ అనుమతితో, మీకు అద్దె కడుతూ ఉన్నవారు మిమ్మల్ని యజమానిగా ఒప్పుకున్నట్లే కనుక వారికది వర్తించదు. అయితే అద్దె ముట్టినట్లు ఏ ఆధారమూ లేకుండా, అగ్రిమెంటు లేకుండా, బంధువులకో తెలిసినవారికో ‘ఉండనీలే’ అని ఇచ్చి పదిహేనేళ్లు పట్టించుకోకపోతే, వారు మీ అనుమతితోనే ఉన్నారని నిరూపించడం మీకు కష్టమవుతుంది. కాబట్టి అద్దె బ్యాంకు ద్వారా రావడం, అగ్రిమెంటును ఎప్పటికప్పుడు తిరిగి రాసుకోవడం ఈ భయానికి సరైన మందు.

నోటరీ ముద్ర వల్ల ఫలానావారు ఫలానా రోజున సంతకం చేశారన్న విషయానికి బలం వస్తుంది, అది రిజిస్ట్రేషన్‌కు బదులు కాదు. మూడేళ్ల లీజును నోటరీతో సరిపెట్టుకుంటే అందులోని షరతులను కోర్టు ముందు సాక్ష్యంగా నిలపడం కష్టం. బ్యాంకుకో, కంపెనీ గెస్ట్‌హౌస్‌కో, క్లినిక్‌కో ఇస్తున్నప్పుడు రిజిస్ట్రేషన్ ఖర్చుకు వెనుకాడకండి. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం స్థానంలో మన రాష్ట్రం 2017లో కొత్త టెనెన్సీ చట్టాన్ని చేసింది. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలని, దాన్ని అద్దె అధికారికి తెలియజేయాలని ఆ చట్టం ఉద్దేశం. నోటిమాట మీద ఇల్లు ఇచ్చే రోజులు పోయాయనే అనుకోవాలి.

జిరాక్సు దుకాణంలో దొరికే అగ్రిమెంటు నమూనాలో అద్దె, అడ్వాన్సు, గడువు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. తగాదాలు వచ్చేది మిగతా విషయాల దగ్గరే. ఇంట్లో ఎవరెవరు ఉంటారు, అద్దె ఏ తేదీలోగా ఏ ఖాతాకు రావాలి, ఏడాది దాటితే ఎంత శాతం పెరుగుతుంది, ఇరువైపులా ఎన్నాళ్ల నోటీసు, అసోసియేషన్ మెయింటెనెన్స్ ఎవరిది, కారు నిలిపే చోటు ఏది, దిగిన రోజున కరెంటు మీటరులో రీడింగు ఎంత, ఏ గదిలో ఎన్ని ఫ్యాన్లు, గీజర్లు ఉన్నాయి, ఇవన్నీ రాయించండి. ముఖ్యంగా మరొకరికి అద్దెకు ఇవ్వరాదన్న వాక్యం ఉండాలి. ఒప్పందంలో నిషేధం లేకపోతే అద్దెకు తీసుకున్నవారు తిరిగి మరొకరికి ఇచ్చుకోవచ్చని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ అంటుంది. ఈ సంగతి విని చాలామంది యజమానులు ఆశ్చర్యపోతారు.

ప్రశ్న: లాసన్స్ బే కాలనీలో సముద్రానికి దగ్గరగా మా ఫ్లాటు ఉంది. నాలుగేళ్లు ఉన్న కుటుంబం ఈ నెల ఖాళీ చేసింది. మేము 60,000 రూపాయల అడ్వాన్సు ఇవ్వాలి. బాల్కనీ గ్రిల్లు తుప్పు పట్టింది, మేము పెట్టించిన ఏ.సి. బయటి యూనిట్ పాడైంది, గోడలు మాసిపోయాయి, హాల్లో మేకుల రంధ్రాలు ఉన్నాయి, వాష్‌బేసిన్ పగిలింది. అన్నిటికీ కలిపి 45,000 పట్టుకుందామంటే వారు గొడవకు దిగారు. మాది తప్పా?

జవాబు: మీరు అడిగారు కాబట్టి నిర్మొహమాటంగా చెబుతున్నాము. ఆ మొత్తంలో ఎక్కువ భాగం మీరు పట్టుకోదగినది కాదు. ఇల్లు తీసుకున్నప్పటి స్థితిలో అప్పగించవలసిన బాధ్యత అద్దెకున్నవారిదే గాని, మామూలు వాడకం వల్ల, కాలం గడవడం వల్ల వచ్చే అరుగుదల ఆ బాధ్యతలోకి రాదని చట్టమే మినహాయించింది. మీ ఫ్లాటు విషయంలో ఆ అరుగుదలకు అసలు కారణం ఎదురుగా ఉన్న సముద్రం.

బీచ్ రోడ్డుకు దగ్గరగా ఉండేవారందరికీ ఇది తెలిసిన విషయమే. గాలిలోని ఉప్పు తేమ కిటికీ ఊచల అతుకుల దగ్గర, వెల్డింగు చేసిన మూలల్లో, గ్రిల్లు గోడలోకి దిగే చోట ముందుగా చేరుతుంది. పైన రంగు బాగానే ఉన్నట్లు కనిపిస్తుంది, గోటితో గీస్తే పొర ఊడి లోపల ఎర్రటి పొడి రాలుతుంది. అప్పటికే లోహాన్ని తుప్పు సగం తినేసి ఉంటుంది. అక్కడ ఏటా కాకపోయినా రెండేళ్లకొకసారైనా తుప్పు గీకించి, రెడ్ ఆక్సైడ్ పూయించి, పైన ఎనామిల్ వేయించకపోతే గ్రిల్లు నిలవదు. అది యజమాని చేయించవలసిన పని, నాలుగేళ్లలో మీరు ఒక్కసారైనా చేయించారా అన్న ప్రశ్న ముందుగా వస్తుంది. ఏ.సి. బయటి యూనిట్‌లోని పలుచని రేకులు, రాగి గొట్టాల అతుకులు కూడా అదే ఉప్పుగాలికి పాడైపోతాయి. వారు సర్వీసు చేయించకుండా వదిలేశారని మీ దగ్గర ఆధారం ఉంటే, సర్వీసు బాధ్యత వారిదేనని అగ్రిమెంటులో ఉంటే, అప్పుడు కొంత అడగవచ్చు. లేకపోతే అదీ మీదే. ఇక స్లాబు అడుగున పెచ్చులు ఊడుతున్నాయేమో కూడా ఒకసారి చూసుకోండి. లోపలి ఇనుప చువ్వ తుప్పు పట్టి ఉబ్బినప్పుడు కాంక్రీటును బయటికి నెడుతుంది. ఆ మరమ్మతు వాయిదా వేయదగినది కాదు, కొత్తవారు దిగేముందే చేయించండి.

నాలుగేళ్లకు గోడలు మాయడం సహజం. ఖాళీ చేసేటప్పుడు రంగుల కింద ఒక నెల అద్దె పట్టుకోవడం కొందరు ఆనవాయితీగా పెట్టుకున్నారు, అగ్రిమెంటులో రాసి ఉంటే అది చెల్లుతుంది, రాయకపోతే అది కేవలం మీ కోరిక. నాలుగు మేకుల రంధ్రాలకు లప్పం పూయించడం పెద్ద ఖర్చు కాదు. గోడకు డ్రిల్లు చేసి టీవీ బిగించి, తీసేటప్పుడు పెద్ద పెచ్చు ఊడదీస్తే అది వేరు. వాష్‌బేసిన్ మాత్రం నిస్సందేహంగా వారిదే. కొత్తది కొని బిగించిన బిల్లు చూపించి ఆ మొత్తం పట్టుకోండి. మిగిలిన అడ్వాన్సును, చివరి కరెంటు బిల్లు తేలిన వెంటనే ఇచ్చేయండి. డబ్బు మీ దగ్గర ఉన్నన్ని రోజులూ తగాదా కూడా మీ దగ్గరే ఉంటుంది.

మళ్లీ అద్దెకు ఇచ్చేముందు ఒక గంట కేటాయించండి. కొత్తవారిని వెంటబెట్టుకుని ఫోనులో వీడియో తీస్తూ గది గదీ తిరగండి. ప్రతి కుళాయీ తిప్పి చూపించండి, ప్రతి స్విచ్చీ వేయండి, ఫ్లష్ నొక్కండి, కిటికీ రెక్కలు మూసి చూడండి, గ్రిల్లు మూలలను దగ్గరగా తీయండి, చివర మీటరు రీడింగు కనిపించేలా ఆపండి. ఆ వీడియోను అక్కడే వారికి పంపండి. ఇలాంటి వీడియో మీ దగ్గర ఉండి ఉంటే ఈ 45,000 లెక్క పది నిమిషాలలో తేలేది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు పగిలిన అద్దాలు ఎవరివన్న తగాదా ఎన్ని ఇళ్లలో సాగిందో ఈ ఊరివారికి గుర్తుండే ఉంటుంది. తుపాను నష్టం అద్దెకున్నవారిది కాదు. కాని తుపానుకు ముందే ఆ అద్దం పగిలి ఉందా లేదా అన్నది తేల్చేది మాత్రం ఫొటోయే.

ప్రశ్న: అక్కయ్యపాలెంలో మా ఇంట్లో అద్దెకున్నాయన బాత్‌రూము పైపు లీకుకు ప్లంబరును పిలిపించి, 3,800 రూపాయలు అద్దెలో తగ్గించి ఇచ్చారు. నన్ను అడగకుండా ఇలా చేయవచ్చా?

జవాబు: అడగకుండా చేయడం సరికాదు, అడిగినా మీరు పట్టించుకోకపోతే చేయవచ్చు. యజమాని చేయించవలసిన మరమ్మతు గురించి నోటీసు ఇచ్చినా, తగిన సమయంలో చేయించకపోతే, అద్దెకున్నవారు తామే చేయించి ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చని ఆస్తి బదిలీ చట్టంలోనే ఉంది. ఆయన మీకు ముందు ఎప్పుడైనా మెసేజ్ పెట్టారేమో ఫోనులో వెతికి చూడండి. పెట్టి ఉంటే బిల్లు అడిగి తీసుకుని ఊరుకోవడమే మర్యాద.

గోడ లోపలి పైపు, ట్యాంకు, సంపు, మోటారు, స్లాబు కారడం యజమానివి. కుళాయి వాషరు, బల్బు, మూసుకుపోయిన జాలీ అద్దెకున్నవారివి. ఈ పంపకాన్ని అగ్రిమెంటులో రెండు వాక్యాలలో రాసి, ఫలానా మొత్తం లోపు అత్యవసర మరమ్మతు అయితే ఫోటో పంపి చేయించుకోవచ్చు, ఆపైన అయితే అడగాలి అని పెట్టుకుంటే ఇద్దరికీ సుఖం.

ప్రశ్న: మురళీనగర్‌లోని మా ఇంట్లో అద్దెకున్న ఉద్యోగి నా పాన్ నంబరు అడుగుతున్నారు. నెలకు 18,000 అద్దె. పాన్ ఇస్తే పన్ను పడుతుందని భయంగా ఉంది. ఇవ్వకపోతే ఏమవుతుంది?

జవాబు: పన్ను మీ ఆదాయం మీద పడుతుంది గాని పాన్ ఇవ్వడం మీద కాదు. ఇంటి అద్దె భత్యం మినహాయింపు కోరే ఉద్యోగి ఏడాదికి లక్ష రూపాయలకు మించి అద్దె కడుతుంటే యజమాని పాన్ తన కార్యాలయానికి ఇవ్వాలి. మీరు ఇవ్వకపోతే ఆయన మినహాయింపు పోతుంది, మంచి అద్దెదారు మీకు దూరమవుతారు. పైగా అద్దె బ్యాంకులోనే పడుతోంది కదా.

లెక్క చూస్తే భయం చాలావరకు తగ్గుతుంది. ఏడాది అద్దె 2,16,000. అందులో మీరు జీవీఎంసీకి (విశాఖ నగరపాలక సంస్థకు) చెల్లించిన ఆస్తి పన్ను, ఉదాహరణకు 6,000 అనుకుంటే, తీసేయగా 2,10,000 మిగులుతుంది. దానిలో 30 శాతం, అంటే 63,000, మరమ్మతులు మొదలైన వాటి కింద ఏ బిల్లూ చూపించకుండానే మినహాయిస్తారు. పన్ను లెక్కలోకి వచ్చేది 1,47,000 మాత్రమే. అదే కారణం వల్ల మీరు నిజంగా రంగులకు ఎంత ఖర్చు పెట్టినా విడిగా మరో మినహాయింపు ఉండదు. ఆస్తి పన్ను మీరు చెల్లించిన ఏడాదిలోనే తగ్గుతుంది, బాకీ ఉంచితే తగ్గదు. ఏడాది మొత్తాన్ని ఏప్రిల్ 30 లోపు ఒకేసారి కట్టేవారికి 5 శాతం రాయితీ కూడా ఇస్తున్నారు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. ఎండాడలో అతని పేరున ఉన్న ఫ్లాటును నేనే అద్దెకు ఇచ్చి, సంతకం పెట్టి, అద్దెను నా ఖాతాలో వేయించుకుంటున్నాను. ఇప్పుడు ఒక సాఫ్ట్‌వేర్ దంపతులు దిగుతూ ఏదో పన్ను కోసి ఇస్తామంటున్నారు. ఇది అవసరమా?

జవాబు: అవసరమేనమ్మా, వారు చట్టం తెలిసినవారని సంతోషించండి. యజమాని ప్రవాసి అయితే అద్దె ఎంత చిన్నదైనా అద్దెకున్నవారు మూలం దగ్గర పన్ను (టి.డి.ఎస్.) కోసి ప్రభుత్వానికి జమ చేయాలి. నెలకు 50,000 దాటితేనే కోయాలన్న నియమం ఇక్కడ ఉంటున్న యజమానుల దగ్గర ఇల్లు అద్దెకు తీసుకునే మామూలు కుటుంబాలది. ప్రవాసులకు ఆ పరిమితి లేదు, రేటు సెస్సుతో కలిపి సాధారణంగా 31.2 శాతం. చేతికి వచ్చేది బాగా తగ్గిపోతుందని మీకు అనిపిస్తుంది. కాని మీ అబ్బాయి ఇక్కడ రిటర్ను వేస్తే ఎక్కువ కోసినది వాపసు వస్తుంది. ఏడాది మొదట్లోనే ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ రేటుకు సర్టిఫికెట్ తెచ్చుకునే వీలు కూడా ఉంది, ఒక ఆడిటరును కలవండి.

మరో రెండు విషయాలు సరిచేసుకోవాలి. అద్దె మీ ఖాతాలో పడినంత మాత్రాన అది మీ ఆదాయం కాదు, ఫ్లాటు ఎవరిదైతే ఆదాయం వారిదే. దాన్ని అబ్బాయి పేరున ఎన్.ఆర్.ఓ. ఖాతాకు (ప్రవాసులు ఇక్కడి ఆదాయాన్ని వేసుకునే బ్యాంకు ఖాతాకు) మళ్లించండి. రెండవది, అబ్బాయి ఆస్తి మీద మీరు పెట్టే సంతకానికి పవర్ ఆఫ్ అటార్నీ, అంటే తన తరఫున వ్యవహరించమని అతను రాసిచ్చే అధికారపత్రం, ఉండాలి. అబ్బాయి దాన్ని అక్కడ భారత కాన్సులేటులో ధ్రువీకరించి పంపితే, ఇక్కడికి చేరిన మూడు నెలల లోపు స్టాంపు వేయించాలి. అందులో ‘అద్దెకు ఇచ్చుటకు, అద్దె వసూలుకు, నోటీసులు ఇచ్చుటకు, దావా వేయుటకు’ అన్న మాటలు విడివిడిగా ఉండేలా చూడండి. అమ్మే అధికారం మీకు అవసరం లేకపోతే రాయించకండి. ఈ చివరి మాట మీ మీద అనుమానంతో అంటున్నది కాదు, కాగితం ఎవరి చేతికి చిక్కుతుందో చెప్పలేము కాబట్టి అంటున్నాము.

ప్రశ్న: గాజువాకలో ఇంటి కింది వాటాను ఒక కుటుంబానికి ఇచ్చాము. రెండు నెలలుగా ముందు గదిలో కర్రీ పాయింటు నడుపుతున్నారు. అద్దె పెంచి ఊరుకోవచ్చా?

జవాబు: ఊరుకోకండి. కరెంటు సర్వీసు మీ పేరున గృహ కేటగిరీలో ఉంది. దాన్ని వ్యాపారానికి వాడుతున్నట్లు విద్యుత్ పంపిణీ సంస్థ తనిఖీలో తేలితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు రేటున లెక్క వేస్తారు. ఎప్పటినుంచి అన్నది తేలకపోతే వెనక్కి 12 నెలలకు వేస్తారు, ఆ బిల్లు వచ్చేది మీ పేరునే. ఆస్తి పన్ను కూడా నివాసానికి ఒక రేటు, వ్యాపారానికి మరో రేటు. వ్యాపారం మీకు సమ్మతమైతే సర్వీసు కేటగిరీ మార్పించి, ట్రేడ్ లైసెన్సు వారి చేత తీయించి, కొత్త అగ్రిమెంటు రాసుకోండి. గ్యాస్ సిలిండర్లు ఎన్ని, ఎక్కడ పెడుతున్నారో మాత్రం ఈ రోజే వెళ్లి చూడండి.

ప్రశ్న: పెదవాల్తేరులో మా మేడ మీద ఆంధ్రా యూనివర్సిటీ విద్యార్థులకు అద్దెకు ఇస్తుంటాము. ఈ ఏడాది ఇద్దరు ఆఫ్రికా దేశాల విద్యార్థులు అడుగుతున్నారు. ఇవ్వడంలో ఇబ్బంది ఉందా? బ్యాచిలర్లకు ఇవ్వవద్దని ఇరుగుపొరుగు అంటున్నారు.

జవాబు: ఇరుగుపొరుగు అభ్యంతరం మీ ఇంటి మీద చెల్లదు. అపార్టుమెంటు అయితే అసోసియేషన్ నియమావళి చూసుకోవాలి గాని సొంత ఇంటికి ఆ బాధ కూడా లేదు. విద్యార్థులతో నిజమైన చిక్కు వేరే ఉంది. జూన్‌లో నలుగురు దిగితే డిసెంబరుకు ఇద్దరు మారిపోయి, కొత్త ముఖాలు వస్తాయి, అద్దె మాత్రం ఎవరో ఒకరు పంపుతుంటారు. అందుకే నలుగురూ సంతకం చేసేలా, అద్దె మొత్తానికి ఒక్కొక్కరూ బాధ్యులయ్యేలా రాయించండి, మనిషి మారితే మీకు ముందే చెప్పి కొత్తవారి సంతకం తీసుకోవాలన్న షరతు పెట్టండి. కాలేజీ గుర్తింపు కార్డు, ఆధార్ కాపీలతోపాటు తల్లిదండ్రుల ఫోను నంబరు తీసుకుని, ఒకసారి ఫోను చేసి మాట్లాడండి. అద్దెకున్నవారి వివరాలు ఇవ్వాలని పోలీసు కమిషనర్ ఉత్తర్వు అమలులో ఉన్నప్పుడు దాన్ని పాటించకపోవడం నేరమవుతుంది, కనుక మీ పరిధిలోని స్టేషనులో అడిగి వివరాలు ఇచ్చి, ఇచ్చినట్లు రసీదు దాచుకోండి.

విదేశీ విద్యార్థులకు నిరభ్యంతరంగా ఇవ్వవచ్చు. వారు దిగిన 24 గంటల లోపు ఆ సంగతిని విదేశీయుల నమోదు అధికారికి ఆన్‌లైన్‌లో తెలియజేయవలసిన బాధ్యత ఇల్లు ఇచ్చినవారిది. సొంత ఇంటి యజమానికి కూడా ఇది వర్తిస్తుంది, హోటళ్లకు మాత్రమే అనుకోకండి. పాస్‌పోర్టు, వీసా పేజీలు, యూనివర్సిటీ ప్రవేశపత్రం కాపీలు తీసుకుని, వీసా గడువు ఎప్పుడు ముగుస్తుందో క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి, అగ్రిమెంటు గడువు ఆ తేదీని దాటకుండా రాయండి. నమోదు ఎలా చేయాలో విద్యార్థులకు తెలియకపోతే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే కార్యాలయానికి వారితోపాటు ఒకసారి వెళ్లి రండి.